నావిగేషన్ పరికరాన్ని వాహనంలో శాశ్వతంగా బిగించాలా? కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

డాష్‌బోర్డు మీద నావిగేషన్ పరికరం, దాని నుంచి గేరు మీదుగా సిగరెట్ లైటర్ సాకెట్ దాకా వేలాడే వైరు. కొన్నాళ్లు ఈ అవతారాన్ని భరించాక ఆ వైరును లోపలికి తోసేసి, పరికరాన్ని శాశ్వతంగా బిగించేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. గేరు మార్చిన ప్రతిసారీ చేతికి తగిలే వైరు మీద కోపం రావడం సహజమే. అయితే చాలామంది దీన్ని వైరు దాచే పనిగానే చూస్తారు. వైరు దాచడం ఒక గంట పని. ముందుగా తేల్చుకోవలసినవి రెండు ఉన్నాయి: కరెంటు ఎక్కడి నుంచి రావాలి, ఎప్పుడు ఆగాలి. బ్యాటరీ చచ్చిపోవడం, పరికరం కాలిపోవడం, సిగ్నల్ అందకపోవడం వంటి తంటాలు చాలావరకు ఈ రెండింటినీ ముందే ఆలోచించనందువల్ల వచ్చేవే.

అసలు బిగించవలసిన అవసరం లేనివాళ్ల సంగతి మొదట చెప్పేస్తాను. పరికరాన్ని రెండు మూడు వాహనాల మధ్య మార్చుకునేవారు, అద్దె వాహనం నడిపేవారు, ఏడాదిలోపు వాహనం అమ్మేసే ఉద్దేశం ఉన్నవారు ప్లగ్గుతోనే సరిపెట్టుకోవడం మేలు. వైరును డాష్‌బోర్డు అంచు వెంట చిన్న క్లిప్పులతో పట్టించి ఉంచితే సగం చిరాకు పోతుంది. వాహనంలో ఇప్పటికే ఫోను తెరను చూపించే సదుపాయం ఉండి, రోజూ తిరిగేవి తెలిసిన దారులే అయితే విడి పరికరమే అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. ఫోను సిగ్నల్ అందని దారుల్లో ఎక్కువగా తిరిగేవారికి, భారీ వాహనం ఎత్తు, బరువులకు తగిన దారి చూపించే పరికరం కావలసినవారికి, బైకు మీద వానలో కూడా పనిచేసేది కావలసినవారికి విడి పరికరం ఇప్పటికీ అక్కరకొస్తుంది.

బిగించాలనే నిర్ణయించుకుంటే, కత్తెర పట్టుకునే ముందు ఆ లావుపాటి ప్లగ్గును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అది ఊరికే లావుగా లేదు. కారు బ్యాటరీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల ప్రాంతంలో ఇస్తుంది. స్టార్టర్ తిరిగే క్షణంలో అది 10 వోల్టుల కిందికి పడిపోవచ్చు. లారీలు, బస్సులు చాలావాటిలో వ్యవస్థ మొత్తం 24 వోల్టులది. నావిగేషన్ పరికరాలలో ఎక్కువ వాటికి కావలసింది మాత్రం 5 వోల్టులు. ఈ తేడాను సర్దే చిన్న కన్వర్టర్ ఆ ప్లగ్గు కడుపులో ఉంటుంది. ప్లగ్గును కత్తిరించి, ఎర్ర వైరును ఎర్ర వైరుకు, నల్ల వైరును నల్ల వైరుకు కలిపి నేరుగా 12 వోల్టులు ఇస్తే పరికరం ఆ పూటతో సరి. బైకుల కోసం చేసిన కొన్ని పరికరాల స్టాండ్లు నేరుగా 12 వోల్టులు తీసుకుంటాయి. మీది ఏ రకమో పరికరం వెనక ముద్రించిన అంకెలు చెబుతాయి, అంగడిలో ఎవరో చెప్పింది కాదు.

ప్లగ్గులో ఇంకో రెండు రహస్యాలు కూడా దాగి ఉండవచ్చు. మినీ యూఎస్‌బీ వాడే కొన్ని పరికరాల వైరులో మామూలు వైరుకు లేని ఒక నిరోధకం ఉంటుంది. దాన్ని చూసే పరికరం ‘నేను వాహనంలో ఉన్నాను’ అని గుర్తిస్తుంది. దాని బదులు ఇంట్లో ఉన్న మామూలు యూఎస్‌బీ వైరు పెడితే కంప్యూటర్‌కు కలిపారనుకుని మ్యాపు మూసేసి, తెర మీద కంప్యూటర్ బొమ్మ చూపిస్తూ కూర్చుంటుంది. ఇక రద్దీ సమాచారం అందుకునే రిసీవర్‌ను కొందరు తయారీదారులు వైరులోనే అమర్చారు. ఆ వైరును తీసేస్తే రద్దీ సమాచారం కూడా పోతుంది.

అందుకే కన్వర్టర్ విషయంలో నా ఓటు ఈ వరుసలో ఉంటుంది. పరికరం చేసిన సంస్థే శాశ్వతంగా బిగించుకోవడానికి విడి వైరు అమ్ముతుంటే మారుమాట లేకుండా అదే కొనండి. అది దొరక్కపోతే అసలు ప్లగ్గును కత్తిరించకుండా, ప్లగ్గు పట్టే విడి సాకెట్ ఒకటి తెచ్చి డాష్‌బోర్డు వెనక దాచి, దానికి కరెంటు ఇచ్చి, ప్లగ్గును అందులో గుచ్చేయండి. చూడటానికి మొరటు పనే. కానీ కన్వర్టర్, నిరోధకం, రిసీవర్ అన్నీ యథాతథంగా ఉంటాయి, పరికరం వారంటీకి ఢోకా ఉండదు, రేపు వాహనం అమ్మినా ప్లగ్గు పీకి తెచ్చుకోవచ్చు. కుదుపులకు ప్లగ్గు ఊడిరాకుండా సాకెట్‌తో కలిపి గట్టిగా కట్టేయడం మాత్రం మరవకండి, లేకపోతే లోపల గలగలలాడుతూ వారానికోసారి డాష్‌బోర్డు విప్పిస్తుంది. ఏ సంస్థ చేసిందో తెలియని చవక కన్వర్టర్‌ను నేను చివరన పెడతాను. ఎందుకో సిగ్నల్ గురించి మాట్లాడేటప్పుడు తెలుస్తుంది.

కరెంటు దారులు

ఇప్పుడు ఆ సాకెట్‌కో, కన్వర్టర్‌కో 12 వోల్టులు ఎక్కడి నుంచి తేవాలి? అందరికీ మొదట తట్టేది ఇప్పటికే ఉన్న సిగరెట్ లైటర్ సాకెట్ వెనక నుంచి తీసుకోవడం. చెడ్డ ఆలోచన కాదు. అక్కడి వైరు లావుగా ఉంటుంది, నావిగేషన్ పరికరం తీసుకునేది 5 నుంచి 10 వాట్లే కాబట్టి అదనపు భారం లెక్కలోకి రాదు. ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ సాకెట్ ఫ్యూజు 10, 15, కొన్నిచోట్ల 20 ఆంపియర్లది. ఫ్యూజు కాపాడేది వైరును. మీరు కలిపే సన్నని వైరు ఎక్కడైనా రాపిడికి తోలు ఊడి ఇనుముకు తగిలితే, 20 ఆంపియర్ల ఫ్యూజు కాలేలోపు ఆ సన్నని వైరే కాలుతుంది. కాబట్టి ఇక్కడి నుంచి తీసుకుంటే కలిపిన చోటే 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు విడిగా పెట్టాలి.

కార్ల విషయంలో నేను మొదట సూచించేది ఫ్యూజ్ బాక్స్ నుంచి తీసుకోవడాన్నే. దీనికి ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న సాధనం దొరుకుతుంది. ఉన్న ఫ్యూజును పీకి, దాని స్థానంలో ఈ ట్యాప్‌ను గుచ్చాలి. ట్యాప్‌లో రెండు అరలు ఉంటాయి: ఒకదానిలో పాత ఫ్యూజు, రెండోదానిలో మీ పరికరం కోసం కొత్త ఫ్యూజు. వాహనంలో ఒక్క వైరును కూడా కోయవలసిన పని లేదు, తీసేస్తే ఆనవాలు మిగలదు. కొనేముందు మీ ఫ్యూజుల పరిమాణం చూసుకోండి. మామూలువి, మినీ, పొట్టి మినీ, మైక్రో అంటూ రకాలున్నాయి, ఒకదానికి చేసిన ట్యాప్ మరొకదానిలో కూర్చోదు, బలవంతంగా కూర్చోబెడితే ఫ్యూజ్ బాక్స్ పట్టు వదులైపోతుంది.

ఏ ఫ్యూజు స్థానాన్ని ఎంచుకోవాలన్నది తేలిక. రేడియో, లైటర్ సాకెట్, వెనక వైపరు వంటి సౌకర్యాలవి పరవాలేదు. ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఏబీఎస్, ఇంజన్ నియంత్రణ, ఇంధన పంపు, వీటి జోలికి పోకండి.

ట్యాప్‌ను ఏ వైపు తిప్పి గుచ్చాలన్న సంగతి దగ్గర చాలామంది, కొందరు ఎలక్ట్రీషియన్లతో సహా, తడబడతారు. రెండు వైపులా గుచ్చినా పరికరం వెలుగుతుంది కాబట్టి తప్పు బయటపడదు. తిరగేసి గుచ్చితే మీ పరికరం కరెంటు పాత ఫ్యూజు గుండా కూడా పోతుంది, దాని మీద అనవసరపు భారం పడుతుంది. కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ట్యాప్ గుచ్చాక అందులోని పాత ఫ్యూజును మాత్రం తీసేయండి. ఇగ్నిషన్ వేసినప్పుడు పరికరానికి ఇంకా కరెంటు వస్తుంటే సరిగా గుచ్చినట్లు. పోయిందంటే ట్యాప్‌ను పీకి తిప్పి పెట్టాలి. కొత్త ఫ్యూజు 2 ఆంపియర్లదైతే బూడిద రంగులో, 3 ఆంపియర్లదైతే ఊదా రంగులో ఉంటుంది. ట్యాప్‌తో పాటు ఎర్రరంగు 10 ఆంపియర్ల ఫ్యూజు ఇచ్చారని అదే పెట్టేయకండి.

నేరుగా బ్యాటరీ నుంచి తెచ్చుకోవడం మూడో దారి. పాత వాహనాల్లో, బైకుల్లో, ఫ్యూజ్ బాక్స్‌లో చోటు లేనప్పుడు దీని అవసరం పడుతుంది. ఇక్కడ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. పరికరం దగ్గర పెట్టుకున్న ఫ్యూజు మధ్యలో ఉన్న రెండు మీటర్ల వైరును కాపాడదు, అది రాపిడికి లోనైతే బ్యాటరీలో ఉన్న బలమంతా అక్కడే చూపిస్తుంది. బ్యాటరీ నుంచి తెచ్చుకున్న కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని ఆపడానికి రిలే, అంటే ఇగ్నిషన్ కరెంటు ఉన్నప్పుడే దారి కలిపే స్విచ్చు, కూడా కావాలి. రిలే కాళ్ల మీద అంకెలు చాలా వాహనాల్లో ఒకటే: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన వైరు, 87కి పరికరం, 85, 86లలో ఒకదానికి ఇగ్నిషన్‌తో వచ్చే వైరు, రెండోదానికి ఎర్త్, అంటే వాహనం ఇనుప శరీరానికి కలిపే వైరు. 87ఏ అనే కాలు ఉన్న రిలే చేతికొస్తే ఆ కాలును వదిలేయండి, అది ఇగ్నిషన్ ఆపినప్పుడు కరెంటు ఇస్తుంది. ఇంత తతంగం చేసినా కారులో దీనివల్ల వచ్చే అదనపు లాభమేమీ లేదనే నా అభిప్రాయం. 10 వాట్ల పరికరానికి రిలే పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం లాంటిదే.

మిగిలినవాటిని త్వరగా దాటేద్దాం. స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్ (మెకానిక్ పరీక్ష యంత్రం తగిలించేది) నుంచి కరెంటు తీసే తయారు వైర్లు అమ్ముతారు. గుచ్చడం సులువు, కానీ అందులో 16వ పిన్నుకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది, కాబట్టి తనంతట తాను ఆగే ఏర్పాటు లేని వైరైతే వద్దు. పైగా మెకానిక్ పరీక్ష యంత్రం పెట్టిన ప్రతిసారీ మీది పీకాలి. రేడియో వెనక నుంచి తీసుకుంటే పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎర్ర వైరు ఇగ్నిషన్‌తో వచ్చేది అని సాధారణ సూత్రం. కొందరు తయారీదారులు ఈ రెండింటినీ తారుమారు చేశారు కాబట్టి రంగును నమ్మకుండా కొలిచి చూడాలి. ఇక వాహనంలోని యూఎస్‌బీ రంధ్రం. పాత పద్ధతి యూఎస్‌బీ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. తెర పూర్తి వెలుగులో ఉన్న పరికరానికి అది చాలదు, చార్జింగ్ గుర్తు కనిపిస్తూనే పరికరం బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది.

ఎప్పుడు ఆగాలి

నేను మొదటిసారి బిగించుకున్నప్పుడు చేసిన తప్పు ఇక్కడే. ఇగ్నిషన్ వేసి, మల్టీమీటర్ పెట్టి, 12 వోల్టులు చూపిస్తోంది కదా అని ఆ ఫ్యూజులో ట్యాప్ గుచ్చేశాను. తాళం తీసేశాక కూడా చూపిస్తోందా అని చూడలేదు. పన్నెండు రోజులు ఊళ్లో లేను. తిరిగివచ్చి తాళం తిప్పితే ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు. పరికరం ఊడదీసి ఉన్నా, కన్వర్టర్ ఒక్కటే ఊరికే 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకోండి. రోజుకు 0.48 ఆంపియర్ గంటలు, నెలకు 14.4. చిన్న కారు బ్యాటరీ 45 ఆంపియర్ గంటలదైతే మూడో వంతు అక్కడే పోయింది. వాహనం తాళం వేసి ఉన్నా తన గడియారానికి, అలారానికి, కంప్యూటర్‌కు తాగే కరెంటు దీనికి అదనం. అదే పరికరాన్ని స్టాండ్‌లోనే వదిలేసి, తెర వెలుగుతూ 5 వాట్లు తీసుకుంటుంటే 12 వోల్టుల దగ్గర అది 0.4 ఆంపియర్లకు పైమాటే. రోజుకు 10 ఆంపియర్ గంటలు దాటుతుంది. రెండు రోజుల్లో సగం బ్యాటరీ ఖాళీ. నా కారు పన్నెండు రోజులకు మూలిగింది అంటే దాని ఓపికకు మెచ్చుకోవాలి. బైకు బ్యాటరీ 8 ఆంపియర్ గంటలదైతే ఊరికే ఉన్న కన్వర్టర్ కూడా ఎనిమిది రోజుల్లో దాన్ని సగానికి దించేస్తుంది.

కాబట్టి దాదాపు అందరికీ ఇగ్నిషన్‌తో వచ్చి, ఇగ్నిషన్‌తో పోయే కరెంటే సరైనది. ఎప్పుడూ ఉండే కరెంటు కావాలనే వాళ్లు కొందరున్నారు: దొంగతనం జరిగితే వాహనం జాడ చెప్పే ట్రాకర్ కూడా అదే పరికరంలో ఉన్నవారు, రోజంతా ఆగుతూ సాగుతూ సరుకు అందించేవారు. వీరు వోల్టేజీ ఒక హద్దుకు పడిపోగానే కరెంటు ఆపేసే కన్వర్టర్ తీసుకోవాలి. ఎర్ర దీపాల దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో ఇంకో తంటా ఉంది. స్టార్టర్ తిరిగిన క్షణంలో కొన్నింటిలో సాకెట్‌కు కరెంటు తెగిపోతుంది. సొంత బ్యాటరీ ఉన్న నావిగేషన్ పరికరం దాన్ని దాటేస్తుంది. సొంత బ్యాటరీ లేనిది, లేదా పాతబడి బ్యాటరీ పాడైనది, ప్రతి కూడలిలో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మీ పరికరం ఏ రకమో చూసుకోవడానికి ప్లగ్గు పీకి ఐదు నిమిషాలు నడిపితే చాలు.

కొలిచేటప్పుడు ఒక మెలకువ. తాళం తీసిన వెంటనే కరెంటు ఉందని ఆ ఫ్యూజును తిరస్కరించకండి. కొన్ని కార్లు తాళం తీశాక కూడా కొన్ని నిమిషాలు, కొన్ని తలుపు తెరిచే దాకా రేడియోకు కరెంటు ఇస్తూనే ఉంటాయి. తలుపులు వేసి, తాళం పెట్టి, అరగంట ఆగి కొలవండి. పాతకాలపు బల్బు టెస్టర్‌తో ఎక్కడ పడితే అక్కడ గుచ్చకండి. అది లాగే కరెంటుకు కంప్యూటర్‌కు పోయే వైర్లు తట్టుకోకపోవచ్చు, మల్టీమీటర్ అయితే ఆ బెంగ లేదు.

కన్వర్టర్ ఎక్కడ కూర్చోవాలి

ఫ్యూజ్ బాక్స్ దగ్గరే 5 వోల్టులుగా మార్చి, సన్నని యూఎస్‌బీ వైరును పైదాకా తీసుకెళ్లడం సులువుగా కనిపిస్తుంది. కానీ చవక యూఎస్‌బీ వైర్లలో తరచుగా చాలా సన్నని 28 గేజి రాగి ఉంటుంది. రెండు మీటర్ల వైరు అంటే రానూపోనూ నాలుగు మీటర్లు, నిరోధం సుమారు 0.85 ఓములు. ఒక ఆంపియర్ పారితే 0.85 వోల్టులు దారిలోనే ఆవిరి. పరికరానికి చేరేది 4.15 వోల్టులు, అది చాలక పరికరం సణుగుతుంది. అదే 12 వోల్టులను 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో పైదాకా పంపి అక్కడ మారిస్తే నష్టం 0.1 వోల్టు కూడా ఉండదు.

అలాగని కన్వర్టర్‌ను పరికరం వీపుకు అంటించకూడదు. జీపీఎస్ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే సిగ్నల్ మనదాకా వచ్చేసరికి ఎంత బలహీనమంటే, పక్కన ఒక నాసి కన్వర్టర్ గోల చేస్తే అందులో మునిగిపోతుంది. అదే గోల రేడియోలో గరగరగా వినిపిస్తుంది. కన్వర్టర్‌కు, పరికరానికి మధ్య మూరెడు దూరం ఉంచి, మధ్య వైరును పొట్టిగా, లావుగా ఉన్నది ఎంచుకోవడం ఈ రెండు కోరికల మధ్య రాజీ. బిగించాక పరికరంలో ఉపగ్రహాల సిగ్నల్ చూపించే తెర తీసి, కన్వర్టర్ వైరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. వైరు పెట్టగానే గీతలు పడిపోతే దోషి దొరికినట్లే.

వైరు తీసినా సిగ్నల్ రాకపోతే తప్పు అద్దానిది కావచ్చు. వేడిని అడ్డుకోవడానికి సన్నని లోహపు పొర పూసిన ముందు అద్దాలు జీపీఎస్‌నూ అడ్డుకుంటాయి. ఇలాంటి అద్దాల్లో వెనక చూసే అద్దం మొదలు దగ్గర పొర లేని చిన్న భాగం తరచుగా వదులుతారు. పరికరాన్ని అక్కడికి మార్చడమో, బయటి యాంటెన్నా పెట్టుకునే వీలున్న పరికరం ఎంచుకోవడమో చేయాలి. ఈ సంగతి కొనకముందే తెలుసుకుంటే మంచిది.

వైరు దారి

ఇక్కడ ఒక్క విషయంలో రాజీ పనికిరాదు. ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభాల లోపల చాలా కార్లలో తెరలా విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరును దాని ముందు నుంచి తీసుకెళ్తే, ప్రమాద సమయంలో ఆ వైరు ఎయిర్‌బ్యాగ్‌కు అడ్డుపడవచ్చు, లేదా అదే కొరడాలా మీ మీదికి రావచ్చు. దాని వెనక నుంచి తీసుకెళ్లాలి, లేదా ఆ స్తంభం జోలికే పోకుండా డాష్‌బోర్డు కింద నుంచి రావాలి. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు. పరికరం స్టాండ్ కూడా ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఉండకూడదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కొన్ని నిమిషాలు ఆగండి. చాలా విద్యుత్ కార్లలో కూడా ఈ పనికి వాడేది 12 వోల్టుల చిన్న బ్యాటరీనే. నారింజ రంగు వైర్లు మాత్రం పెద్ద బ్యాటరీవి, వాటి వైపు చెయ్యి కూడా పోకూడదు.

ఎర్త్ కోసం బ్యాటరీ నెగటివ్ దాకా పోనక్కర్లేదు, పోకూడదు కూడా. ఇప్పటి కార్లు చాలావాటిలో అక్కడ కరెంటు లెక్కపెట్టే సెన్సార్ ఉంటుంది, దాన్ని తప్పించి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. రంగు లేని ఇనుముకు బిగించి ఉన్న బోల్టు ఏదైనా సరిపోతుంది. అతుకుల దగ్గర, వైరును కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులను నేను నమ్మను. రాగి పోగులు తెగి, తేమ చేరి, రెండేళ్ల తర్వాత వానాకాలంలో మొరాయిస్తాయి. నొక్కి బిగించే మంచి కనెక్టర్లు, వాటి మీద వేడికి ముడుచుకునే తొడుగు. టంకం వేస్తే ఇంకా గట్టి అనుకుంటారు కానీ, కుదుపులకు టంకం ఆగిన చోటే వైరు విరుగుతుంది.

బైకు సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఎంపికలు తక్కువ: తయారీదారు ఇచ్చిన జలనిరోధక స్టాండ్, బ్యాటరీ దగ్గర ఫ్యూజు, వెనక దీపం వైరుతో పనిచేసే రిలే. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూసి, ఏ చివరనా వైరు బిగుసుకోకుండా కాస్త వదులు వదిలిపెట్టాలి. స్టీరింగు మెడ దగ్గర నలిగిన వైరు ఎక్కడ తెగిందో వెతకడం కన్నా మొత్తం మళ్లీ లాగడమే తేలిక.

సొంతంగా చేయాలా, ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వాలా? మల్టీమీటర్ వాడటం వచ్చి, కారు వారంటీ అయిపోయి ఉంటే ఫ్యూజ్ ట్యాప్ పని సెలవురోజు మధ్యాహ్నం అయిపోతుంది. స్తంభం తొడుగు ఊడదీయవలసి వస్తే, రేడియో విప్పవలసి వస్తే, వాహనం ఇంకా వారంటీలో ఉంటే చేయించుకోవడమే నయం. చేయించుకునేటప్పుడు మాత్రం పక్కన నిలబడి మూడు ప్రశ్నలు అడగండి: ఏ ఫ్యూజు నుంచి తీసుకున్నారు, కొత్త ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, తాళం తీశాక కరెంటు ఆగుతోందా. మూడింటికీ నీళ్లు నమిలితే తాళం తిరిగి తీసుకోండి. జవాబులు సరిగా వస్తే ఆ ఫ్యూజు స్థానం సంఖ్యను చిన్న కాగితం మీద రాసి ఫ్యూజ్ బాక్స్ మూత లోపల అంటించండి, వచ్చే ఏడాది పరికరం ఆగిపోయినప్పుడు టార్చి పట్టుకుని వంగి వెతికే పని తప్పుతుంది.